మేనేజరు చెవిన పడకుండా

లోపలి గది నుంచి,
మంగళవారం సాయంత్రం

మహారాజశ్రీ శ్రీవారికి,

మీ భార్య నమస్కరించి రాయునది. మీరు కుశలమని గోడకు అవతల మీ కుర్చీ కిర్రుమంటున్న తీరును బట్టి తెలుస్తూనే ఉంది. ఇక్కడ నేను అంత కుశలం కాదు. మన కుక్క అసలే కాదు. అందుకే ఈ ఉత్తరం.

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని మీరు అడుగుతారు. నిన్న పశువుల డాక్టరు గారు చెప్పింది మీరు వినలేదు. ఆయన చెబుతున్నంతసేపూ మీరు మాట్లాడుతూనే ఉన్నారు. కాబట్టి మళ్ళీ చెబుతున్నాను.

మన మేనేజరు గుండె బాగుందట. కడుపు బాగుందట. పళ్ళు మీ పళ్ళకంటే బాగున్నాయట. మరి పళ్ళెం మోగిస్తే వీధి చివరి నుంచి పరిగెత్తుకొచ్చే కుక్క, ఇప్పుడు పళ్ళెం పక్కనే పడుకుని కూడా ఎందుకు లేవడం లేదు, చెయ్యి వేస్తే ఎందుకు ఉలిక్కిపడుతోంది, పొద్దస్తమానం మంచం కింద దూరి ఎందుకు వణుకుతోంది అని నేను అడిగాను. దానికి ఆయన "ఇంట్లో గట్టిగా మాట్లాడుకుంటారా" అన్నారు. "అబ్బే, అలాంటిదేం లేదండీ" అని మీరు అన్న తీరుకి బల్ల మీద సీసాలు కదిలాయి. "మరి నిన్న ఉప్పు దగ్గర అరిచిందెవరు" అని నేను మామూలుగా అడిగాను. మామూలుగా అడగలేదని మీరన్నారు. ఆ తర్వాత మనం అనుకున్న మాటలన్నీ ఆయన చేతులు కట్టుకుని విన్నారు. వరుసలో కూర్చున్నవాళ్ళు తమ పిల్లులని ఒళ్ళోకి లాక్కున్నారు. చివరికి ఆయన మనకేసి చూడకుండా, మేనేజరు తల నిమురుతూ, వాడితోనే చెప్పినట్టు చెప్పారు. "వీడికి జబ్బేం లేదు. ఇంట్లో గోల ఎక్కువైంది. కొన్నాళ్ళు వీడి చెవిన ఒక్క గట్టి మాట పడకుండా చూడండి."

ఎదురెదురుగా కూర్చుంటే మన నోళ్ళు మన మాట వినవు. అందుకని నేను ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. ఇవాళ్టి నుంచి మీరు ముందు గదిలో, నేను లోపలి గదిలో. ఏ తగాదా అయినా కాగితం మీదే. ఉత్తరాలు భోజనాల బల్ల మీద నీళ్ళ కూజా కింద పెట్టాలి.

మొదటి విషయం, కిటికీ తెర. ఊరందరికీ బట్టలు కుట్టే మనిషి ఇంట్లో కిటికీకి గుడ్డముక్క లేదు. వీధిలో పోయేవాళ్ళు మనం ఏం తింటున్నామో చూసి, మరుసటి రోజు ఎలా ఉందని అడుగుతున్నారు. ఇది గొడవ కాదు, విచారణ.

ఇట్లు,
మీ సహధర్మచారిణి
(ఆఫీసులో హెడ్ గుమాస్తా, ఇంట్లో అటెండరు)

తా.క.: ఇది చదివి "ఏమిటీ చోద్యం" అని గట్టిగా అనబోతున్నారు. అనకండి. మీరు గొంతు సవరించుకోవడం ఇక్కడికి వినబడింది.


ముందు గది నుంచి,
బుధవారం

గృహలక్ష్మి, నీటి పన్నుల లక్ష్మి అయిన నా శ్రీమతికి,

ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం అందింది. కూజా కింద పెట్టావు కాబట్టి సగం తడిసింది. తడిసిన సగంలో నన్ను తిట్టి ఉంటావని అనుకుని, మిగతా సగానికి జవాబు రాస్తున్నాను. చదివాక ఆరేస్తే అదీ తిట్టే అని తేలింది.

నాది పెద్ద గొంతన్నావు. ఒప్పుకుంటాను. రోజంతా కుట్టు మిషను చప్పుడు మీద మాట్లాడే గొంతు అలాగే ఉంటుంది. మరి నీది? పన్ను కట్టనివాళ్ళు నీ కౌంటరు దగ్గరికి వచ్చి, కట్టేసినవాళ్ళకంటే ఎక్కువ కట్టి వెళ్ళేది దేనికని? మేనేజరు మంచం కింద దూరినప్పుడల్లా మనిద్దరిలో ఎవరు మాట్లాడుతున్నారో గమనించాలనుకున్నాను. కానీ సరిగ్గా అప్పుడే నేను కూడా దూరడానికి చోటు వెతుక్కుంటూ ఉంటాను. వీలుపడలేదు.

ఈ ఉత్తరాల పద్ధతిలో ఒక చిక్కుంది. పొద్దున కూరలో ఉప్పు లేదు. మామూలుగా అయితే ఒక్క మాటతో పోయేది. (ఎప్పుడూ ఒక్క మాటతో పోలేదని నువ్వంటావు. సరే.) ఇవాళ నేను కంచం ముందు నుంచి లేచి, ముందు గదికి వెళ్ళి, కాగితం వెతికి, "కూరలో ఉప్పు లేదని విన్నవించుకుంటున్నాను" అని రాసి, కూజా కింద పెట్టాను. నువ్వు చదివి, "అందినది, పరిశీలిస్తాము" అని జవాబు పెట్టేసరికి భోజనం అయిపోయింది. ఉప్పు సాయంత్రం కూరలో వచ్చింది, రెండు పూటలదీ కలిపి.

అసలు సంగతికొస్తాను. కుక్కలు మన మొహం చూసి మనసు కనిపెడతాయని దుకాణానికి కోటు కుట్టించుకోవడానికొచ్చిన ఒక పెద్దమనిషి చెప్పాడు. మాట తగ్గిస్తే చాలదు, మొహం కూడా బాగుండాలట. అందుకని ఇక మీదట మేనేజరు ఎదుట నవ్వుతూ ఉండాలని నిశ్చయించుకున్నాను. నువ్వూ ప్రయత్నించు. అలవాటు లేదు కాబట్టి మొదట్లో దవడలు నొప్పి పుడతాయి.

కిటికీ కొలత తీసుకున్నాను. కొలుస్తున్నప్పుడు అది పొట్ట లోపలికి పీల్చలేదు. మా ఖాతాదారుల్లో అంత నిజాయితీ నేను చూడలేదు.

ఇట్లు,
గొంతు తగ్గిన
నీ భర్త

తా.క.: ఇన్నేళ్ళ కాపురంలో నాకు జ్వరం వస్తే "మాత్ర అలమరలో ఉంది" అన్నావు. మేనేజరు తుమ్మితే సెలవు పెట్టావు. ఇది గొడవ కాదు, విచారణ.


లోపలి గది నుంచి,
శుక్రవారం పొద్దున

మందహాస వదనులైన శ్రీవారికి,

నమస్కారములు. మీ నవ్వు చూశాను. మేనేజరు కూడా చూశాడు. చూసిన వెంటనే లేచి లోపలికి వచ్చేశాడు. భోజనం చేస్తున్నంతసేపూ, నీళ్ళు తాగుతున్నప్పుడు కూడా మీరు నవ్వుతూనే ఉన్నారు. నిన్న నా కాలికి బల్ల తగిలి నేను నొప్పితో నోరు మూసుకుని గెంతుతుంటే, ఎదురుగా కూర్చుని నవ్వారు. కుక్క కోసమేనని నాకు తెలుసు. నా కాలికి తెలియదు కదా.

మేనేజరు సంగతి మీకు చెప్పకూడదనుకున్నాను, బాధపడతారని. దాచి లాభం లేదు. నిన్న మీరు దుకాణానికి వెళ్ళగానే వచ్చి నా మంచం కింద దూరాడు. ఎంత బతిమాలినా బయటికి రాడు. ఒళ్ళంతా వణుకు. నేను కింద కూర్చుని చెయ్యి చాపితే, నా అరచేతిలో మొహం పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆఫీసుకి ఆలస్యమైంది. జుట్టు కూడా రాలిపోతోంది. ఈ వయసులో ఇలా అయిపోతాడనుకోలేదు. వాడికేమైనా అయితే నేను తట్టుకోలేను. మీకూ ఆ సంగతి తెలుసు.

కూజా కింద తడుస్తోందన్నారు కాబట్టి ఈసారి పేపరు మడతలో పెడుతున్నాను.

ఇట్లు,
కుంటుతున్న
మీ సహధర్మచారిణి

తా.క.: తెర కుట్టారు, సంతోషం. కిటికీకి పెట్టి చూశాను. రెండు జేబులు ఎందుకున్నాయో తెలియజేయగలరు.


ముందు గది నుంచి,
శుక్రవారం సాయంత్రం

శ్రీమతికి,

క్షేమం. క్షేమం అని అలవాటు కొద్దీ రాశాను. ఈ రోజుతో మన క్షేమం వీధిన పడింది. వివరంగా రాస్తాను, కూర్చుని చదువు.

నువ్వు పేపరు మడతలో పెట్టిన ఉత్తరం నాకు అందలేదు. నేను చూసే లోపలే పై వాటాలో కొత్తగా దిగిన పిన్నిగారు వచ్చి పేపరు అడిగి పట్టుకెళ్ళారు. మనం గొంతు తగ్గించాక ఆవిడ వచ్చారు. ఈ ఇంట్లోంచి మాట బయటికి రాకపోవడమే చూశారు. మన కుక్కని చూశారు గానీ, నువ్వు వీధిలో దాన్ని "బంగారూ" అని పిలుస్తావు కాబట్టి, దాని పేరు అదేననుకుంటున్నారు. ఇది గుర్తుపెట్టుకుని ముందుకు చదువు.

మధ్యాహ్నం ఆవిడ దుకాణానికి వచ్చారు. చేతిలో దిండు గలీబు ఉంది గానీ దాని మాట ఎత్తలేదు. చుట్టూ చూసి, "ధైర్యంగా ఉండు నాయనా. మేనేజరు సంగతి నాకు తెలిసింది" అన్నారు.

మంచావిడ, మన కుక్క కోసం ఇంత బాధపడుతోంది అనుకున్నాను. "అవునండీ, బాగా చిక్కిపోయాడు" అన్నాను.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "అయితే నీకు ముందే తెలుసా?" అన్నారు.

"ఇంట్లో ఉండేవాడి సంగతి నాకు తెలియకుండా ఎలా ఉంటుందండీ."

"ఇంట్లోనే ఉంటాడా? ఎన్నాళ్ళ నుంచి?"

"మా పెళ్ళయిన మరుసటేడు నుంచి. నేనే తీసుకొచ్చానండీ. ఇంట్లో ఒక్కత్తే ఉంటుంది, తోడుంటాడని."

ఆవిడ మిషను పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడ్డారు. కాసేపటికి, "మంచం కింద దూరుతున్నాడట కదా" అన్నారు.

"అది ఈమధ్య పట్టుకున్న అలవాటండీ. అంతకుముందు మంచం మీదే పడుకునేవాడు. నేనే కాస్త పక్కకి జరిగేవాణ్ణి."

"నువ్వు మనిషివి కాదు నాయనా" అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "కానీ ఇంత ఓర్పు మంచిది కాదు." అప్పుడు రవికలోంచి నీ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టారు. చదివాను. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా "కుక్క కోసమేనని నాకు తెలుసు" అన్న ఒక్క ముక్క తప్ప కుక్క ప్రసక్తి లేదు. ఆ కుక్క బంగారు, మేనేజరు వేరే మనిషి అని ఆవిడ అనుకున్నారు.

నేను వెంటనే, "పిన్నిగారూ, మేనేజరంటే కుక్కండీ" అని చెప్పాను.

"తిట్టుకోకు నాయనా, తిడితే ఏం లాభం" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఇట్లు,
ఓర్పుకు మారుపేరు, పక్కకి జరిగే
నీ భర్త

తా.క.: అవి జేబులు కావు. గుడ్డ చాలక అతుకులు వేశాను. అయినా ఒక దాంట్లో నీ కళ్ళజోడు పెట్టుకోవచ్చు.


లోపలి గది నుంచి,
సోమవారం

శ్రీవారికి,

నమస్కరించి, తల పట్టుకుని రాయునది.

"ఇంట్లో ఉండేవాడు." "నేనే తీసుకొచ్చాను." "పక్కకి జరిగేవాణ్ణి." ఈ మూడు ముక్కలూ చెప్పడానికి మీకు నోరు తిరిగింది గానీ, మొరుగుతాడు అన్న ఒక్క ముక్క చెప్పడానికి తిరగలేదు.

ఇవాళ పిన్నిగారు నీటి పన్ను కట్టే వంకతో మా ఆఫీసుకి వచ్చారు. కౌంటరు దగ్గర నన్ను జాలిగా చూసి, తిన్నగా మా మేనేజరు గారి గదిలోకి వెళ్ళారు. మీకు తెలుసు కదా ఆయన సంగతి. విరమణకు దగ్గర పడ్డ మనిషి, కాఫీలో పంచదార వేసుకోవాలన్నా వేసుకోనా అని నన్ను అడిగే మనిషి. పిన్నిగారు తలుపు కూడా వెయ్యలేదు. "ఈ వయసులో మంచాల కింద దూరడం మీకు తగునా బాబూ?" అన్నారు.

ఆయన పాపం తెల్లబోయి, "మీకెవరు చెప్పారు? చెప్పు కోసం దూరానండీ" అన్నారు.

ఆఫీసు ఆఫీసంతా కలాలు కింద పెట్టేసింది.

లోపలికి వెళ్ళి ఇద్దరి ముందూ చెప్పాను, మేనేజరన్నది మా కుక్క పేరని. పిన్నిగారు నమ్మలేదు. మేనేజరు గారు నమ్మారు. నమ్మి, కాసేపు ఆలోచించి, "ఆ పేరే ఎందుకు పెట్టారు?" అని అడిగారు. పని చేసేవాళ్ళని కూర్చుని చూడడం తప్ప వాడికింకో పని లేదని మీరు పెట్టిన పేరని చెప్పలేను కదా. "గౌరవంతోనండీ" అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన పేరు మీద ఎవరూ ఏమీ పెట్టలేదట. కుక్కకి ఒంట్లో ఎలా ఉందని అడిగి, సెలవు కావాలంటే తీసుకోమన్నారు.

ఇదంతా ఇలా రాస్తున్నాను గానీ నాకు నవ్వు రావడం లేదు. వాడు మంచం కింద కూడా ఉండడం మానేశాడు. ఇంట్లో ఉన్నంతసేపూ తిరుగుతున్నాడు. నా గది గుమ్మంలోకి వచ్చి నన్ను చూస్తాడు, మీ గదిలోకి వెళ్ళి మిమ్మల్ని చూస్తాడు, మళ్ళీ వస్తాడు. కాళ్ళు తేలిపోతున్నా ఆగడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంచాం. ఇంకేం చెయ్యాలి?

ఇట్లు,
మీ సహధర్మచారిణి

తా.క.: పిన్నిగారు వెళ్తూ వెళ్తూ నా చెవిలో ఒక మాట చెప్పారు. "మీ ఆయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడమ్మా. లోపల ఎంత కుమిలిపోతున్నాడో." మీరు దయచేసి ఆ నవ్వు ఆపండి.


ముందు గది నుంచి,
బుధవారం మధ్యాహ్నం

శ్రీమతి గారికి,

"గారు" ఎందుకంటే, ఇక మీదట మర్యాదలు ఉండాలి కదా.

భోజనానికి ఇంటికొచ్చాను. పెట్టె చూశాను. అటక మీద నుంచి నువ్వే దింపుకున్నావు, నన్ను అడగలేదు. అటక మీదవి దింపడానికి ఈ ఇంట్లో నా ఎత్తు ఒక్కటే పనికొస్తుందని అనుకునేవాణ్ణి. ఆ భ్రమా పోయింది. నీ బట్టలు తీసి మంచం మీద పేర్చావు. అంత పెద్ద పెట్టె అంటే ఒకటి రెండు రోజుల ప్రయాణం కాదని తెలుస్తూనే ఉంది.

వెళ్ళేవాళ్ళని ఆపడం నాకు చేతకాదు. బిగుతైనది వదులు చెయ్యడం, పొడుగైనది మడిచి కుట్టడం, అంతవరకే నా విద్య. ఉత్తరాలు మొదలైనప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది. మాట్లాడుకోవడం మానేసిన ఇంట్లో తర్వాత సర్దుకునేది పెట్టెలే. డాక్టరు సలహా భేషుగ్గా పనిచేసింది, కుక్కకి తప్ప.

మేనేజరు మాత్రం ఇక్కడే ఉంటాడు. నువ్వెళ్ళే చోట వాడికి అలవాటు లేదు. దుకాణంలో నా మిషను పక్కన కత్తిరింపు ముక్కలు పోసి మెత్తగా పక్క వేస్తాను. నీకు చూడాలనిపిస్తే నెలకోసారి రావచ్చు. ముందుగా ఉత్తరం రాస్తే నేను కూడా కాస్త శుభ్రమైన చొక్కా వేసుకుంటాను. వంట సంగతి బెంగ పెట్టుకోకు. నాకు ఇంకేం రాకపోయినా ఉప్పు వెయ్యడం వచ్చు.

నవ్వడం ఆపమన్నావు. ఆపాను. కష్టమనిపించలేదు. ఇప్పుడే మేనేజరు గుమ్మంలో నిలబడి నా మొహం చూశాడు. నీ గదికి వెళ్ళి ఖాళీ కుర్చీ చూసి మళ్ళీ వచ్చాడు. ఆవిడ ఆఫీసులో ఉందిరా అని చెప్పాను. మెల్లగానే చెప్పాను.

ఇట్లు,
ముందు గది వాస్తవ్యుడు

తా.క.: నీ ఆకుపచ్చ గొడుగు దుకాణంలో ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు. మబ్బు పట్టిందని కాదు, ఊరికే చెబుతున్నాను.


లోపలి గది నుంచి,
బుధవారం సాయంత్రం

ముందు గది వాస్తవ్యులకు,

పెట్టె నాకు కాదు. కుక్కకి.

మంచం కింద నేల చల్లగా ఉండబట్టే వాడు అక్కడ ఉండడం మానేశాడేమోనని, పెట్టె మూత విరిచేసి, లోపల దుప్పటి పరిచి పక్క చేద్దామనుకున్నాను. అందులో ఉన్నవి నేను ఎప్పుడో కట్టడం మానేసిన బట్టలు. అవి తియ్యకుండా దుప్పటి ఎలా పరుస్తారో, మీ విద్యలో ఏమైనా ఉంటే చెప్పండి. అటక అందలేదు. కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కాను. మిమ్మల్ని అడుగుదామంటే దానికో ఉత్తరం రాయాలి, మీరు చదవాలి, జవాబు పెట్టాలి. పడిపోయినా అంతకంటే తొందరగా కిందికి వస్తాననిపించింది.

నెలకోసారి చూపిస్తారా నాకు మేనేజర్ని? వాడి ఒంటి మీద గోమార్లు ఏరింది నేను. పాలలో మందు కలిపి పట్టింది నేను. పక్కకి జరిగింది మీరు. అంతవరకు నిజమే.

నన్ను వెళ్ళమని రాయలేదు, ఉండమనీ రాయలేదు. గొడుగు తీసుకెళ్ళమన్నారు. పేజీన్నర రాయగలిగిన చేతికి "వెళ్ళకు" అన్న మూడక్షరాలు బరువయ్యాయి కాబోలు.

మేనేజరు ఆ పెట్టెలో పడుకోలేదు. వాసన చూసి, మళ్ళీ నడక మొదలుపెట్టాడు. సాయంత్రం గుమ్మంలో కాళ్ళు మడతపడి కూర్చుండిపోయాడు. అటు మీ గది, ఇటు నా గది కనిపించే చోట. రేపు సెలవు పెట్టి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తాను. మీరు రావద్దు. మనిద్దరం కలిసి వెళ్తే ఆయన తలుపు తియ్యరు.

ఇట్లు,
ఎక్కడికీ వెళ్ళని
మీ సహధర్మచారిణి

తా.క.: నేను వెళ్ళిపోతే మీ చొక్కాకి ఊడిన గుండీలు ఎవరు కుడతారు అని రాయబోయాను. మీరు టైలరన్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.


ముందు గది నుంచి,
గురువారం, పొద్దున్నే

శ్రీమతికి,

వెళ్ళకు. అంటే డాక్టరు దగ్గరికి కాదు. అక్కడికి వెళ్ళు. ఆ మూడక్షరాలు నిన్నటి బాకీ.

డాక్టరుకి ఇవి కూడా చెప్పు. దుకాణానికి వెంట తీసుకెళ్ళినప్పుడు, వెనక నుంచి సైకిలు గంట కొట్టినా వాడు పక్కకి తప్పుకోవడం లేదు. భయంతో బిగుసుకుపోతున్నాడని నా అనుమానం. ముందు నుంచి వెళ్ళి గడ్డం కింద గీరితే మాత్రం పాత మేనేజరే. వెనక నుంచి ముట్టుకుంటే వణుకుతాడు. గుండె మరోసారి చూడమను. మొన్న చూసినప్పుడు నా గొంతులో వాడి గుండె వినబడి ఉండదు.

నేను వస్తాననే అనుకున్నాను. ఒక పెళ్ళికొడుకు కోటు ఇవాళ ఇచ్చెయ్యాలి. అబద్ధం. కోటు నిన్ననే ఇచ్చేశాను. ఆయన ఏదో చెబుతుంటే వింటూ నిలబడడం నా వల్ల కాదు, అంతే.

మంచి కబురైతే ఉత్తరం రాసి పెట్టు, సాయంత్రం చదువుకుంటాను. వేరే కబురైతే కాగితం మీద వద్దు. దుకాణానికి వచ్చి నోటితో చెప్పు.

ఇట్లు,
నీ భర్త

తా.క.: వాడు రిక్షాలో కుడి వైపు కూర్చుంటాడు. నువ్వు కూడా అటే కూర్చుంటావని వాడు నాతో చాలాసార్లు మొరపెట్టుకున్నాడు.


గురువారం మధ్యాహ్నం

శ్రీవారికి,

నమస్కారములు. నేను దుకాణానికి రాకుండా కాగితం తీసుకున్నానంటేనే మీకు సగం అర్థమై ఉంటుంది. నోటితో కూడా చెప్పొచ్చు. కానీ మీరు మధ్యలో అడ్డొస్తారు. ఈ ఉత్తరాల వల్ల నాకు ఒరిగిందేమైనా ఉంటే, మొదలుపెట్టిన మాట చివరిదాకా చెప్పుకోగలగడం ఒక్కటే.

డాక్టరు గారు నన్ను చూడగానే నా వెనక చూశారు, మీరు వచ్చారేమోనని. రాలేదని చెప్పాక కూర్చోమన్నారు. మేనేజర్ని బల్ల ఎక్కించారు. మీరు చెప్పినవన్నీ చెప్పాను. ఆయన గుండె విన్నారు, కళ్ళు చూశారు, పొట్ట నొక్కారు. అన్నీ బాగానే ఉన్నాయంటూ వెనక్కి తిరగబోయి మోచెయ్యి తగిలించారు. కత్తెరలు, పట్టకార్లు ఉన్న ఇనప పళ్ళెం మొత్తం మేనేజరు వెనక నేల మీద పడింది. ఎంత చప్పుడంటే, నేను లేచి నిలబడిపోయాను. బయట బెంచీ మీద పిల్లి దాని యజమాని నెత్తికెక్కింది. డాక్టరు గారు స్వయంగా చెవులు మూసుకున్నారు.

మేనేజరు నా సంచీకేసి చూస్తూ కూర్చున్నాడు, బిస్కెట్టు ఎప్పుడిస్తానా అని.

ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఆయన వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. ఈల వేశారు. తలుపు దబామని వేశారు. చివరికి నన్ను ఒక కేక పెట్టమన్నారు. నేను మొహమాటపడితే, "మొన్న పెట్టారు కదండీ" అన్నారు. పెట్టాను. మందులు తెచ్చే మనిషి పరిగెత్తుకొచ్చాడు. మేనేజరు తల కూడా తిప్పలేదు.

వాడికి చెవుడండీ. వయసుతో వచ్చిందట. మొన్నమొన్న వచ్చింది కాదు, కొన్ని నెలలై ఉంటుందన్నారు. మన గొడవలు వినే యోగం వాడికి ఎప్పుడో తప్పిపోయింది. మనం ఊరికే ఇంత సిరా ఖర్చు పెట్టాం.

పళ్ళెం మోగిస్తే రాకపోవడం, సైకిలుకి తప్పుకోకపోవడం, అన్నీ అందుకే. వెనక నుంచి ఎవరొస్తున్నారో తెలియక ముట్టుకుంటే అదిరిపోతున్నాడు. మంచం కింద దూరితే వెనక గోడ ఉంటుంది కాబట్టి అక్కడ చేరాడు. "మరి మొదటిసారి మీకెందుకు తెలియలేదండీ" అని అడిగాను. ఆయన సిగ్గుపడి, "ఆ రోజు మీ ఇద్దరి గొంతులూ విన్నాక ఇంకో కారణం వెతకాలనిపించలేదమ్మా" అన్నారు.

అయితే చిక్కిపోవడానికి కారణం చెవుడు కాదట. ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారని అడిగారు. ఆయన సలహా ప్రకారమే మీరు ముందు గదిలో, నేను లోపలి గదిలో అని గర్వంగా చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నారు. తర్వాత చెప్పారు. "దానికి వినబడదు కదమ్మా. కనబడితేనే ఉన్నట్టు లెక్క. ఇంతకుముందు ఇద్దరూ ఒక గదిలో ఉంటే ఒక మూల పడుకుని ఇద్దరినీ చూసుకునేది. ఇప్పుడు ఒకరిని చూస్తే రెండోవాళ్ళు ఉన్నారో లేదో దానికి తెలియదు. అందుకే తిరుగుతోంది."

నేను అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. మీరు రాకపోవడం మంచిదైంది. ఇద్దరం ఏడిస్తే ఆయన మళ్ళీ వైద్యం మార్చేవారు.

మందేమీ ఇవ్వలేదు. ముందు నుంచి వెళ్ళి ముట్టుకోవాలి. పిలవాలంటే నేల మీద కాలితో తట్టాలి, అదురు తెలుస్తుంది. ఇద్దరూ దాని కళ్ళెదుట ఉండాలి. "మరి గొడవ పడితే?" అని అడిగాను. "పడండి. ఒకే గదిలో పడండి" అన్నారు. అప్పుడు మీ ఇంట్లో అందరికంటే సుఖంగా ఉండేది వాడేనని కూడా అన్నారు. ఆయన మనింటికి ఎప్పుడూ రాలేదు, ఎలా తెలిసిందో.

నా కుర్చీ ముందు గదిలోకి తెచ్చి మీ కుర్చీకి ఎదురుగా వేశాను. మీది ఖాళీగా ఉంది కాబట్టి మేనేజరు ఇంకా పడుకోలేదు. నన్ను చూస్తున్నాడు, వీధి గుమ్మం చూస్తున్నాడు. వీధిలో కుర్రాడి చేత ఇది పంపుతున్నాను, దుకాణం కట్టేసి తొందరగా రండి. ఇన్నాళ్ళ తగాదాలు చాలా పేరుకున్నాయి. పక్కకి జరగడం దగ్గర మొదలుపెడదాం.

ఇట్లు,
ముందు గది నుంచి,
మీ సహధర్మచారిణి

తా.క.: పై వాటా పిన్నిగారికి ముందుగానే చెప్పి వచ్చాను. ఇవాళ్టి నుంచి కింద ఇంట్లో కేకలు వినబడతాయని, కంగారుపడి కిందికి రావద్దని, మేం బాగానే ఉన్నామని దానర్థమని. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మరి మేనేజరు?" అని అడిగారు. మా ఆయనకి ఇష్టమేనని, మా దగ్గరే ఉంటాడని చెప్పాను.